బయటోడు కావాలంటే వెలివాడకు రండి

చిట్యాల బస్టాండు కాడ చాయ హోటల్ల ఎలక్షన్ల ముందు పది నిమిషాలు కూర్చుంటే చాలు, ఒక మాట ఖాయంగా వినబడుతది: "సారూ, ఈ పాతోళ్లంతా ఒక్క తాను ముక్కలే. ఎవడన్న బయటోడు రావాలె." ఈ మాట అనేటోళ్లు పనిలేనోళ్లు కాదు. పొద్దంతా పత్తి చేన్ల నడుము వంచి, చేతులు గీరుకపోయి, ఇంటికి పోతూ ఒక చాయ తాగే కూలి జనం. మాలలు, మాదిగలు, బీసీలు.

పట్నంల కూసొని పేపర్లకు రాసే పెద్దమనుషులు ఈ మాటను ఎగతాళి చేస్తరు. జనానికి తెలివి లేదట, తెర మీద బొమ్మ కనిపిస్తే ఓటు గుద్దుతరట. నేను ఒప్పుకోను. బయటోన్ని కోరుకునే ఓటరుకు తెలివి ఉన్నది, కడుపుమంట ఉన్నది. 2018లో మన భూపాలపల్లి సీట్ల చెయ్యి గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే 2019ల కారెక్కిండు. మరి ఓటేసినోడు ఎవరిని నమ్మాలె? లోపలి వాళ్లు జెండాలు మార్చుకుంటున్నరే గని మన బతుకులు మార్చుత లేరని కూలోనికి తెలుసు. అందుకే లోపలి ఇంటితోని సంబంధం లేని మనిషి కోసం చూస్తున్నడు.

కోపం న్యాయమైనదే. మరి ఆ కోపం ప్రతిసారీ ఎవని ఇంటికి పోయి చేరుతున్నది? నా గొడవ అది.

రెండు ఎలక్షన్లు

నేను బడిపంతులును. పోలింగ్ డ్యూటీలు చేసినోన్ని. ప్రతిసారీ నాకు కనబడేది ఒక్కటే. ఎలక్షన్ ఒకటి కాదు, రెండు. బ్యాలెట్ మీద పేర్లు అచ్చయ్యేదాక ఒక ఎలక్షన్. అచ్చయినంక ఇంకొక ఎలక్షన్. మొదటిది బంగ్లాల్ల జరుగుతది, రెండోది మా బళ్లల్ల జరుగుతది. మనకు రెండోదాంట్లనే ఓటు. మొదటిదాంట్ల మన పని గేటు బయట నిలబడి జిందాబాద్ కొట్టుడు. బీఫారం ఎవరి చేతుల పెట్టాలెనో తేల్చేది ఒకడో ఇద్దరో.

వండే కాడికి రానియ్యకుండ వడ్డించే కాడ "నీ ఇష్టం, ఏది కావాల్నో తిను" అన్నట్టున్నది ఈ ప్రజాస్వామ్యం.

1983 పాఠం

1978 నుంచి 1983 దాక ఐదేండ్లు తిరగకముందే కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రాం, విజయభాస్కరరెడ్డి. అసెంబ్లీల ఉన్నోళ్లను అడిగింది లేదు, ఓటరును అడిగింది లేదు. ఢిల్లీ నుంచి సీల్డు కవరు వచ్చేది, దాంట్ల పేరు ఉండేది. ఆ రోత మీదనే 1982 మార్చి 29న ఎన్.టి.రామారావు పార్టీ పెట్టిండు. తొమ్మిది నెలల్ల ఎలక్షన్ వచ్చింది. 294 సీట్లల్ల 201 గెలిచి 1983 జనవరిల గద్దెనెక్కిండు. అంతకుముందు వార్డు మెంబరు పదవి గూడ చేయని మనిషి.

మా నాయిన అప్పుడు ఒక పెద్దరైతు దగ్గర జీతం ఉండె. సైకిల్ గుర్తు మీద ముద్ర గుద్ది ఇంటికొచ్చి మా అమ్మతోని "ఇగ మన దినాలు మారుతయి" అన్నడట. ఏమీ మారలేదంటే అబద్ధమైతది. కిలో రెండు రూపాయల బియ్యం మా కుండల ఉడికింది. 1984ల పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయితే తెలంగాణ పల్లెల్ల దొర చేతి కర్ర ఒకటి విరిగింది. ఆ మేలు మరువం.

కాని భూమి ఎవరిదో వాళ్లదే ఉన్నది. 1985 జూలై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు ఆరుగురు మాదిగలను వేటాడి చంపిన్రు. ఆడపిల్లలను చెరిచిన్రు. అప్పుడు రాష్ట్రాన్ని ఏలుతున్నది ఎవరు? మన ముద్రతోని గెలిచిన ఆ బయటోడే. ప్రాణాలు అరచేత పట్టుకొని చీరాలకు చేరిన జనం నడుమ నుంచి, ఆ నెత్తుటి నుంచి దళిత మహాసభ పుట్టింది.

ఇది ఒక్క మనిషి గుణం సంగతి గాదు. రామారావు కాంగ్రెస్‌కు బయటోడు. కులానికి బయటోడా? భూమికి బయటోడా? పెట్టుబడికి బయటోడా? పార్టీకి బయట నిలబడ్డంత మాత్రాన ఊరి పెత్తనానికి బయట నిలబడ్డట్టు గాదు. మన జనం మోసపోతున్నది ఈ ఒక్క తేడా కాడనే.

2008 ఆగస్టుల చిరంజీవి తిరుపతిలో ప్రజారాజ్యం పెట్టి సామాజిక న్యాయం అన్నడు. 2009ల 18 సీట్లు వచ్చినయి. 2011ల పార్టీని తీసుకపోయి కాంగ్రెస్‌ల కలిపిండు, 2012ల కేంద్రంల మంత్రి అయిండు. బయట నిలబడి తలుపు కొట్టినోడు, తలుపు తెరవంగనే లోపటికి పోయి గొళ్లెం పెట్టుకున్నడు. జెండా మోసిన బీసీ, దళిత పిలగాండ్లు గడప బయటనే మిగిలిన్రు.

అమెరికాల ఏమైంది?

చదువుకున్న తమ్ముళ్లు కొందరు అంటరు, అమెరికాల ఈ బాధ లేదని. అక్కడ పార్టీ తరఫున ప్రెసిడెంటుకు ఎవరు నిలబడాలెనో గూడ మామూలు ఓటర్లే రాష్ట్రానికి రాష్ట్రం ఓటేసి తేలుస్తరు. దాన్ని ప్రైమరీ అంటరు. నేను చెప్పిన మొదటి ఎలక్షన్‌ల గూడ వాళ్లకు ఓటున్నదన్న మాట. అది మంచిదే. కుంభకోణంల ఇరుక్కొని నిక్సన్ 1974ల రాజీనామా చేస్తే, ఢిల్లీ అసొంటి ఆ వాషింగ్టన్‌తోని సంబంధం లేని పల్లికాయ రైతు, జార్జియా మాజీ గవర్నర్ కార్టర్ 1976ల ప్రైమరీలు గెలిచి ప్రెసిడెంటు అయిండు.

2016ల ఏమైంది? గవర్నర్లను, సెనేటర్లను, ఒక ప్రెసిడెంటు కొడుకును, అందరినీ ఓడగొట్టి రిపబ్లికన్ల టికెట్టు తెచ్చుకున్నది ట్రంప్. అంతకుముందు ఏ పదవికీ ఎన్నిక కాని మనిషి. మూతబడ్డ ఫ్యాక్టరీల ఊర్లల్ల జనానికి నాయకుల మీద కోపం ఉండె. ఆ కోపం ఎవనికి పోయింది? న్యూయార్క్‌ల భవనాల వ్యాపారం చేసిన తండ్రికి పుట్టి, ఏండ్లకేండ్లు టీవీల కనబడ్డ కోటీశ్వరునికి. ప్రైమరీ తలుపు తెరుస్తది. కాని తలుపు తెరిచినప్పుడు పైసలున్నోడు, తెర మీద మొఖమున్నోడు ముందుగాల ఉరుకుతడు. మనకు సొంత కట్టు లేకపోతే తెరిచిన తలుపు గూడ వానికే పనికొస్తది.

మనకు గూడ ప్రైమరీ ఉండె

ఈ సంగతి మనోళ్లల్ల చానమందికి తెల్వదు. ప్రైమరీ అనేది మనకు అమెరికా నుంచి దిగుమతి కావాల్సిన సరుకు గాదు. 1932 ఆగస్టుల బ్రిటిషు సర్కారు అంటరానోళ్లకు వేరే నియోజకవర్గాలు ఇచ్చింది. మన సీట్లల్ల మన ఓట్లతోనే మన మనిషి గెలిచే హక్కు అది. గాంధీ ఎరవాడ జైలుల ప్రాణం పోయేదాక ఉపవాసం అన్నడు. మెడ మీద కత్తి పెట్టినట్టయి అంబేద్కర్ సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం మీద సంతకం పెట్టిండు. సీట్లు 71 నుంచి 148 అయినయి, వేరే నియోజకవర్గం పోయింది. దానికి బదులు ఒక్కటి మిగిలింది. ప్రతి రిజర్వుడు సీటుకు ముందుగాల అంటరాని ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురిని ఎన్నుకోవాలె. ఆ నలుగురిల నుంచి అందరు ఓటర్లు కలిసి ఒకన్ని గెలిపియ్యాలె. ఆ మొదటి ఓటుకు ఒప్పందంల రాసిన పేరే ప్రైమరీ ఎలక్షన్.

ఇదీ కుంటిదే. నలుగురిల ఒక్కడు తమ మనిషి ఉంటే చాలు, సవర్ణుల ఓట్లతోని వాన్నే గెలిపించుకోవచ్చు. ప్రైమరీల వెనుకబడ్డోడు చివరి ఎలక్షన్‌ల గెలుస్తున్నడని అంబేద్కర్ లెక్కలతోని ఎత్తిచూపిండు. నైజాం కింద ఉన్న మనకు ఆ కుంటి ఓటు గూడ రాలేదు. దానికి పదేండ్ల గడువు పెట్టిన్రు. 1950 రాజ్యాంగం వచ్చేసరికి రిజర్వుడు సీటు మిగిలింది, మన మొదటి ఓటు మాయమైంది.

ఫలితం ఏందో 1952లనే తెలిసింది. రాజ్యాంగం రాసిన కమిటీకి పెద్దగా ఉన్న అంబేద్కర్, బొంబాయిల రిజర్వుడు సీట్ల కాంగ్రెస్ టికెట్టు దొరికిన కజ్రోల్కర్ చేతిల ఓడిపోయిండు. దీన్నే కాన్షీరామ్ పూనా ఒప్పందానికి యాభై ఏండ్లు నిండిన నాడు, 1982 సెప్టెంబర్ 24న, చెంచాల యుగం అని పుస్తకం రాసి చెప్పిండు. అదే ఏడు మనం చైతన్యరథం వెనుక ఉరుకుతున్నం!

ఇప్పుడు మన జిల్లాలనే చూడున్రి. జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ ఎస్సీ రిజర్వుడు సీటు. అక్కడ గెలిచిన రాజయ్య 2014ల ఉపముఖ్యమంత్రి అయిండు, 2015 జనవరిల ఒక్క దెబ్బకు పదవి పీకేసిన్రు. 2023ల సిట్టింగ్ ఎమ్మెల్యేగ ఉండంగనే టికెట్టు తీసి శ్రీహరికి ఇచ్చిన్రు. ఆయన గెలిచి 2024ల కాంగ్రెస్‌కు పోయిండు. ఇద్దరిల ఎవరు మంచోడన్నది నా ప్రశ్న గాదు. ఇచ్చినప్పుడు, పీకినప్పుడు, పోయినప్పుడు వాడను అడిగిందెవరు? తొలి ముఖ్యమంత్రి దళితుడే అన్న మాట 2014 జూన్ 2 నాడు ఏమైందో చెప్పనక్కర లేదు.

మన తప్పు గూడ ఒప్పుకోవాలె

ఏనుగు గుర్తు మనదే అన్నం. 2014ల తెలంగాణల ఏనుగు మీద ఇద్దరు గెలిచిన్రు, సిర్పూరుల కోనప్ప, నిర్మల్ల ఇంద్రకరణ్ రెడ్డి. ఇద్దరూ అగ్రకులాలోళ్లే. ఇద్దరూ గులాబీ పార్టీకి పోయిన్రు. మన ఏనుగు మీద ఊరేగి వాళ్ల ఇంటికాడ దిగిన్రు. 2021ల ఐపీఎస్ నౌకరి వదిలి నీలి జెండా పట్టిన ప్రవీణ్ కుమార్ మీద చదువుకున్న పిల్లలు ప్రాణం పెట్టిన్రు. 2023ల సిర్పూరుల ఓడిపోయిండు, 2024ల ఆయన గూడ కారెక్కిండు. మరి ఆ పిల్లలు ఎటు పోవాలె? మన కులపోడైతే చాలు అనుకునుడు గూడ బయటోని జబ్బే. మనిషి కోసం ఎదురుచూసుడు మాని, మనిషిని ఎన్నుకునే పని మన చేతికి తెచ్చుకోవాలె.

ఏం చేయాలె?

పంచాయతీ కాడ మొదలుపెట్టాలె. మా దిక్కు ఒక ఊర్లె సర్పంచి సీటు ఎస్సీకి వస్తే, పెద్దాయన వాకిట్ల నలుగురు కూసొని "మనోడు మాట వింటడు" అని ఒకన్ని తేల్చిన్రు. గెలిచినంక సర్పంచి ముద్ర పెద్దాయన జేబులనే ఉన్నది. ఇసొంటి ఊర్లు మీకు ఎన్ని తెలుసో లెక్క పెట్టున్రి.

నామినేషన్లకు నెల ముందు డప్పు కొట్టి అంబేద్కర్ బొమ్మ కాడ వాడసభ పెట్టాలె. మాల, మాదిగ, ఉపకులాలు అందరూ ఉండాలె. ఆడోళ్లు ముందు వరుసల ఉండాలె. చేతులు ఎత్తుడు గాదు, చీటీలు రాసి డబ్బల వేసుడు. రాయరానోళ్లకు గుర్తులు పెట్టున్రి. ఒక అట్టపెట్టె చాలు, దీనికి ఎవని పర్మిషన్ అక్కర లేదు. నలుగురిని తేల్చి పూనా తప్పు మళ్ల చేయొద్దు, ఒక్కరినే తేల్చాలె. ఓడినోడు గెలిచినోని వెంట తిరగాలె. ఆ పేరు పట్టుకొని బీసీ వాడలకు పోవాలె, బంగ్లాకు మాత్రం పోవద్దు. గెలిచినోడు ఆర్నెల్లకొకసారి అదే బొమ్మ కాడ నిలబడి లెక్క చెప్పాలె.

"మన ఓట్లతోనే గెలుస్తమా?" అంటరు. మొదటిసారి ఓడొచ్చు. కాని మన పేరు మనం రాసుకున్నంక, బంగ్లా నుంచి దిగిన చెంచాకు మన వాడల ఓటు అడిగే మొఖం ఉండదు. గెలుపు అక్కడ మొదలైతది.

బయటోడు రావాలె, బయటోడు రావాలె అని కలవరిస్తున్న అన్నలారా, అక్కలారా! ఊరికి బయట తరతరాలుగ ఉన్నది ఎవరు? గుడికి బయట, బావికి బయట, భూమికి బయట, బీఫారం ఇచ్చే అర్రకు బయట ఉన్నది ఎవరు? హైదరాబాదు నుంచి రథమెక్కి వచ్చేటోని కోసం రోడ్డు దిక్కు చూసుడు ఆపున్రి. వెనుకకు తిరిగి వెలివాడ దిక్కు చూడున్రి. బయటోడు అక్కడనే ఉన్నడు. నిలబెట్టున్రి.

జై భీమ్!