కెరటం ముందు కెమెరా!

సముద్రాన్ని ఫొటోల్లో పట్టుకోవాలంటే అండమాన్‌కో మాల్దీవులకో వెళ్లాలా? లక్షల ఖరీదు చేసే కెమెరా కొనాలా? అవేమీ అక్కర్లేదు. అచ్యుతాపురంలో ఆటో ఎక్కి పూడిమడకలో దిగితే చాలు. కావలసిందల్లా కాస్త తీరిక, బోలెడంత ఓపిక... వాటికి మించి జాగ్రత్త!

అచ్యుతాపురం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది సెజ్. షిఫ్టు మారే వేళ బారులు తీరే కంపెనీ బస్సులు, మందుల ఫ్యాక్టరీల గొట్టాలు. అక్కడి నుంచి కాస్త ముందుకెళ్తే రోడ్డు సముద్రం ఒడ్డున ఆగిపోతుంది. అదే పూడిమడక. ఆదివారం వస్తే ఆ ఇసుకలో ఫోన్లు పట్టుకున్న చేతులకు లెక్కే ఉండదు. తీసేవి మాత్రం చాలావరకూ సెల్ఫీలే. సముద్రానికి వీపు పెట్టి తీసే ఫొటోలన్నమాట! ఒక్కసారి అటు తిరిగి చూస్తే... జీవితమంతా తీసినా తరగని సరదా మొదలవుతుంది.

పడగ్గది గోడ కోసం...

క్లార్క్ లిటిల్ కథే చూడండి. హవాయి దీవుల్లోని ఓ ఉద్యానవనంలో ఉద్యోగి. 2007లో ఆయన భార్య పడగ్గది గోడకు కెరటం బొమ్మ కావాలంది. కొనడం దేనికి, నేనే తీస్తానంటూ కెమెరా పట్టుకుని నీళ్లలోకి దిగాడాయన. విరిగిపడే అలను లోపలి నుంచి చూపించే ఆయన ఫొటోలకు ఇప్పుడు ప్రపంచమంతా అభిమానులే. ఇందులో రహస్యం కెమెరా కాదు. అంతకుముందు ఏళ్ల తరబడి అదే తీరంలో సర్ఫింగ్ చేశాడు. ఏ అల ఎక్కడ విరుగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. అందుకే... పది తీరాలు తిరగడం కన్నా ఒకే తీరానికి పదిసార్లు వెళ్లడం మేలు.

పంచాంగమూ పనికొస్తుంది

సముద్రానికీ ఓ టైంటేబుల్ ఉంది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. వాటి వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంటాయి. అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు బాగా పైకి వస్తుంది, అలాగే బాగా వెనక్కీ వెళ్తుంది. నీరు దిగిపోయాక తడి ఇసుక అద్దంలా మెరుస్తుంది. ఆకాశంలోని రంగులన్నీ అందులోనే కనిపిస్తాయి.

సూర్యుడి సంగతీ తెలియాలి. పూడిమడక దగ్గర సముద్రం ఆగ్నేయం వైపు ఉంటుంది. చలికాలంలో సూర్యుడు అటు నుంచే పొడుస్తాడు. అంటే డిసెంబరు, జనవరి నెలల్లో వేకువనే లేస్తే నీళ్లలోంచి పైకొస్తున్న సూర్యబింబాన్ని నేరుగా పట్టుకోవచ్చు. వేసవికి ఈశాన్యానికి జరిగిపోతాడు.

ఇక అలల ఎత్తు, గాలి వేగం ఎలా ఉంటాయన్నది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ముందే చెబుతుంది. ఆ సమాచారం మత్స్యకారులకెంత అవసరమో ఫొటోగ్రాఫర్లకూ అంతే.

ఆకాశమా? సముద్రమా?

రెంటినీ ఒకే ఫొటోలో చక్కగా చూపడం మొదటి నుంచీ తలనొప్పే. 1850ల్లో ఫ్రాన్స్ ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే ఆకాశానికో నెగెటివ్, సముద్రానికో నెగెటివ్ తీసి రెంటినీ కలిపి ప్రింటు వేసేవాడు. ఇప్పుడు ఆ పనిలో కొంత ఫోనే చేసిపెడుతోంది. అయినా ఆకాశానికి తగ్గట్టు వెలుతురు సరిచూసుకుంటే మేలు. నావలు నల్లటి నీడల్లా నిలిచి ఫొటోకి అందం తెస్తాయి. అల విరిగే క్షణాన్ని నిలబెట్టాలంటే సెకనులో వెయ్యో వంతు వేగం కావాలి. అదే అల పాలనురగలా, పొగమంచులా కనిపించాలంటే ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి అర సెకనో, ఒక సెకనో తెరిచి ఉంచాలి. ఏ ఫొటో అయినా సరే... నీటి గీత వంకర పోకూడదు!

వేటకెళ్లేవాళ్లే గురువులు

ఈ తీరంలో గాలి తిరుగుడు, నీటి లాగుడు అందరికన్నా బాగా తెలిసింది మత్స్యకారులకే. 'ఇవాళ నీరెలా ఉందన్నా?' అని ఓ మాట అడిగితే చాలు, ఏ పుస్తకంలోనూ లేని పాఠం దొరుకుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు మర, మోటారు పడవల వేట నిషేధం. పడవలు ఒడ్డుకు చేరే, వలలకు మరమ్మతులు చేసుకునే ఆ రోజుల్లో తీరం మరోలా ఉంటుంది. ఎవరినైనా తీసేముందు అడగడం మర్యాద. తీశాక ఓ ప్రింటు తెచ్చి చేతికిస్తే... మర్నాడు వాళ్లే పిలిచి మరీ చూపిస్తారు!

ఫొటో కన్నా ప్రాణం మిన్న

2022 జులై 29న సరదాగా గడుపుదామని ఇదే పూడిమడకకు వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థుల్లో కొందరు అలలకు కొట్టుకుపోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. పైకి ప్రశాంతంగా కనిపించే నీటిలోనూ ఒడ్డు నుంచి లోపలికి ఈడ్చుకెళ్లే ప్రవాహాలుంటాయి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాడికి పక్కనుంచి వచ్చే అల కనిపించదు. అందుకే ఒంటరిగా వెళ్లకూడదు. ఒకరు తీస్తుంటే మరొకరు నీటి మీద కన్నేసి ఉంచాలి. మోకాలి లోతు దాటి దిగకూడదు. వెళ్లగానే కాసేపు కెమెరా తీయకుండా అలలను గమనిస్తే పెద్ద అల ఎంతదాకా వస్తోందో అర్థమవుతుంది. నిలబడాల్సింది దానికి ఇవతలే.

ఈ ఫొటోలే రేపటి సాక్ష్యం

ఇంత కష్టపడి తీసిన ఫొటోలు ఇంట్లో గోడకేనా? కానేకాదు. 2025 జనవరి 8న పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. సెజ్ వచ్చాక ఊళ్లు మారినట్టే తీరమూ మారుతుంది. ఇసుక కూడా ఓ చోట నిలవదు. నైరుతి రుతుపవనాల అలలు దాన్ని ఉత్తరానికి మోసుకెళ్తుంటాయి. నెలకోసారి అదే చోట నిలబడి, అదే వైపు, అదే వేళకు ఓ ఫొటో తీసి తేదీ రాసి దాచండి. పదేళ్ల తర్వాత ఒడ్డు ఎక్కడుండేదో, పడవలు ఎక్కడ ఆగేవో అడిగేవాళ్లకు చూపించడానికి మాటలు అక్కర్లేదు... ఆ ఫొటోలే చాలు!

ఇవి మరవొద్దు!

* ఉప్పుగాలి కెమెరాకు శత్రువు. ఇంటికి రాగానే మంచినీటితో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరబెట్టాలి. ఒడ్డున లెన్సు మార్చకూడదు.

* శీతకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు ఉత్తరాంధ్ర తీరానికి వస్తాయి. రాత్రిపూట ఫ్లాష్, టార్చి వెలిగిస్తే తల్లి తాబేలు వెనుదిరుగుతుంది, పిల్లలు దారి తప్పుతాయి.

* రాంబిల్లి వైపు నౌకాదళ స్థావరం ఉంది. అటు కెమెరా తిప్పకూడదు. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు.

* సముద్రం అల్లకల్లోలంగా ఉందా? అదే మండలంలోని కొండకర్ల ఆవకు వెళ్లండి. నిశ్చలమైన నీళ్లు, పక్షులు... ఆ రోజు వృథా కాదు.