పులుసులో ముక్క తీసేస్తే సరిపోదు

నాయుడుపేటకూ సూళ్లూరుపేటకూ మధ్య ఉన్న దొరవారిసత్రం మండలంలో చేప వాసన తెలియని వంటిల్లు అరుదు. పక్కనే పులికాట్ సరస్సు, అది దాటితే సముద్రం. ఏటా ఇక్కడి నేలపట్టు పక్షుల కేంద్రానికి వచ్చి గూళ్లు కట్టే గూడబాతులు కూడా ఈ నీళ్లలోని చేపలను నమ్ముకునే వస్తాయి. ఇలాంటి చోట ఒకరు తనకు చేప పడదంటే నమ్మేవాళ్లు తక్కువ. చేప పాతదై ఉంటుందనో, పులుపు ఎక్కువైందనో, ఒంటికి వేడి చేసిందనో సర్దిచెప్పి మరో ముక్క వడ్డిస్తారు. ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. ఒక్కసారి దద్దుర్లు లేచాయని చేపలు, రొయ్యలు, పీతలు అన్నీ జీవితాంతం మానేస్తారు, పిల్లల చేత కూడా మాన్పిస్తారు. మొదటి తప్పు ప్రాణం తీయగలదు. రెండోది ఈ తీరంలో చవకగా దొరికే మంచి మాంసకృత్తులను పళ్లెంలోంచి తీసేస్తుంది. అందుకే చేప అలర్జీ ఉందో లేదో వైద్యుడు తేల్చాలి. ఉందని తేలితే దాని ప్రమాదానికి మొదటి మందైన అడ్రినలిన్ ఇంటికి దగ్గరలో దొరకాలి. ఈ రెండూ పెద్ద నగరాలకే పరిమితమైతే చేపలు ఎక్కువగా తినే ఊళ్లకే అన్యాయం జరుగుతుంది.

ముందుగా చేపలో పడనిదేమిటో చూద్దాం. చేప కండరాల్లో పార్వాల్బుమిన్ అనే చిన్న ప్రొటీన్ ఉంటుంది. చేప అలర్జీ ఉన్నవారిలో ఎక్కువమంది శరీరం శత్రువుగా భావించేది దీన్నే. ఇది ఉడికించినా వేయించినా సులభంగా చెడదు, నీళ్లలో కరుగుతుంది. కాబట్టి బాగా ఉడికితే ఏమీ కాదన్న మాట నిలవదు. ముక్క పక్కన పెట్టి ఉత్త పులుసు పోసుకుంటే పర్వాలేదన్నది అంతకంటే ప్రమాదకరం. నెల్లూరు చేపల పులుసు మరుసటి రోజుకు రుచి పెరుగుతుందని మనం చెప్పుకుంటాం. రాత్రంతా ముక్కల సారం పులుసులోకి దిగుతుంది కదా, దాంతోపాటు ఈ ప్రొటీనూ దిగుతుంది. బొమ్మిడాయి, కొర్రమీను, వంజరం రుచికి వేరువేరు చేపలే గానీ వాటిలోని పార్వాల్బుమిన్ ఒకదాన్నొకటి పోలి ఉంటుంది. ఒక చేప పడనివారిలో చాలామందికి మిగతావీ పడవు. సొర వంటి మృదులాస్థి చేపల్లో ఈ ప్రొటీన్ రూపం కాస్త వేరు, సూర చేపలో దాని పాలు తక్కువ. అందువల్ల కొందరు వాటిని తట్టుకోగలరు. అయితే ఆ సంగతి ఆసుపత్రిలో వైద్యుడి ఎదుట తేలాలి, ఇంట్లో సొరపుట్టు తిని తేల్చుకునేది కాదు.

అలర్జీ ప్రతిచర్య చాలావరకు తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు మొదలవుతుంది. నోట్లో దురద, ఒంటి మీద దద్దుర్లు, పెదవులూ కళ్లూ వాయడం, కడుపునొప్పి, వాంతులు కనిపిస్తాయి. గొంతు పట్టేసినట్టు ఉండి మాట బొంగురుపోయినా, ఊపిరిలో పిల్లికూతలు వినిపించినా, కళ్లు తిరిగి మనిషి వాలిపోయినా అది అనాఫిలాక్సిస్ అనే ప్రాణాపాయ స్థితి. దద్దుర్లు లేకుండానే ఇది రావచ్చు కాబట్టి చర్మం మామూలుగా ఉందని ధైర్యపడకూడదు. అచ్చం ఇలాగే కనిపించి, అలర్జీ కానిది ఇంకొకటి ఉంది. కానాగంతలు, సూర, కవళ్లు వంటి చేపలను పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే బాక్టీరియా వాటి మాంసంలోని హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తుంది. ఆ చేప తింటే ముఖం ఎర్రబడుతుంది, ఒళ్లు మండుతుంది, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఒకసారి పుట్టిన హిస్టమిన్ వండినా పోదు. చేప పాతదై ఉంటుందన్న పెద్దల అనుమానం ఇక్కడ నిజమే. కానీ ఆ అనుమానాన్ని అన్నిటికీ అంటగట్టడం వల్లే అసలు రోగి మరుగున పడిపోతున్నాడు. ఒకే కూర తిన్న నలుగురికీ అదే బాధ వస్తే చేపను అనుమానించాలి. నలుగురు హాయిగా ఉండి ఒక్కరికే, అదీ తాజా చేప తిన్నప్పుడల్లా వస్తుంటే ఆ మనిషికి పరీక్ష చేయించాలి. ఏ చేప, ఎంత తిన్నారు, ఎంతసేపటికి ఏం కనిపించింది, పక్కవాళ్లకు ఏమైంది అన్నవి ఆ రోజే ఒక కాగితం మీద రాసిపెడితే వైద్యుడికి అంతకు మించిన ఆధారం లేదు.

రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది కదా అని అడిగేవారున్నారు. పరీక్ష ఒక్కటే చాలదని చెప్పడానికి మన పక్క రాష్ట్రంలోనే ఆధారం ఉంది. యూరోప్రివాల్ అనే అంతర్జాతీయ పరిశోధనలో భాగంగా కర్ణాటకలో పెద్దవాళ్లను పరీక్షించినప్పుడు 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ కనిపించింది. నిజంగా ఆహార అలర్జీ ఉండే అవకాశం ఉన్నవారు మాత్రం 1.2 శాతమే. అంటే కాగితం మీద పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన తిండి మానేస్తే ఎందరో ఉత్తపుణ్యానికి పస్తులుంటారు. తిన్న చరిత్ర, చర్మం మీద గుచ్చి చేసే పరీక్ష లేదా ఐజీఈ రక్తపరీక్ష కలిసి ఒకే మాట చెప్పాలి. అప్పటికీ సందేహం మిగిలితే వైద్యుడు తన ఎదుటే కొంచెం కొంచెంగా తినిపించి చూస్తాడు. వందల ఆహారాలకు ఒకేసారి చేస్తామంటూ అమ్మే ఐజీజీ అనే మరో యాంటీబాడీ పరీక్షలను అలర్జీ నిపుణుల సంఘాలు వద్దంటున్నాయి. ఆ ఆహారం తిన్నామనే తప్ప అది పడదని ఐజీజీ చెప్పదు. రొయ్యల చెరువుల జిల్లాలో మరో విషయం కూడా తెలియాలి. రొయ్యల అలర్జీకి ముఖ్య కారణం ట్రోపోమయోసిన్ అనే వేరే ప్రొటీన్. రొయ్యలు పడనివారు చేపలు, చేపలు పడనివారు రొయ్యలు మానాలన్న నియమం లేదు. చేపలు పడనివారికి అయోడిన్ కూడా పడదని భయపడి స్కానింగ్‌కు ఎక్కించే మందును వద్దనడానికీ ఆధారం లేదు.

మా తాతల కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయి అన్న అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. నిజానికి అలర్జీ శాస్త్రానికి తొలి పునాదుల్లో ఒకటి చేప అలర్జీయే. 1921లో జర్మనీలో హైన్జ్ క్యుస్ట్నర్ అనే వైద్యుడికి చేపలు పడేవి కావు. ఆయన సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్జ్ క్యుస్ట్నర్ రక్తం నుంచి తీసిన సీరంను తన చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప సారాన్ని గుచ్చుకుంటే అక్కడ దద్దురు లేచింది. ఒకరి రక్తంలోని ఏదో పదార్థం ఈ గుణాన్ని మరొకరికి మోసుకెళ్లగలదని అలా రుజువైంది. ఆ పదార్థమే ఐజీఈ అని 1960లలో తేలింది. పేరు తెలియని కాలంలో జబ్బు లేదనుకోవడం పొరపాటు. ఇన్నేళ్లూ తిన్నవాడికి ఇప్పుడెందుకు వస్తుందన్న వాదనా నిలవదు. చేప అలర్జీ పెద్ద వయసులోనూ మొదలు కావచ్చు, మొదలయ్యాక చాలామందిలో జీవితాంతం ఉంటుంది.

ఇక అసలు విషయం, కాలం. బ్రిటన్‌లో 1992 నుంచి 1998 వరకు అనాఫిలాక్సిస్‌తో జరిగిన 164 మరణాలను రిచర్డ్ పంఫ్రీ పరిశీలించారు. ఆహారం వల్ల వచ్చిన వాటిలో ఊపిరి గానీ గుండె గానీ ఆగిపోవడానికి పట్టిన మధ్యస్థ సమయం 30 నిమిషాలు. మరణించిన వారిలో 62 శాతం మందికి అడ్రినలిన్ ఇచ్చారు, కానీ గుండె ఆగకముందే అది అందింది 14 శాతం మందికే. ఈ 30 నిమిషాలను దొరవారిసత్రం మండలంలో ఒక లోపలి పల్లె నుంచి కొలిచి చూడండి. బండి దొరకాలి, జాతీయ రహదారి ఎక్కాలి, నాయుడుపేటో సూళ్లూరుపేటో చేరాలి, అక్కడ చీటీ రాయించుకోవాలి. ఈలోపు తమలపాకులో మిరియాలు పెట్టి నమిలిస్తూ కూర్చుంటే పుణ్యకాలం గడిచిపోతుంది. పల్లెల్లో ఆనవాయితీగా ఇచ్చే అవిల్ ఇంజెక్షన్ దురదను తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు, పడిపోతున్న రక్తపోటును నిలపదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది. గొంతును తెరిచి రక్తపోటును నిలిపే పని వెంటనే చేసేది అడ్రినలిన్ ఒక్కటే. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్ నుంచి పెద్దవాళ్లకు అర మిల్లీలీటరు, పిల్లలకు బరువును బట్టి కిలోకు 0.01 మిల్లీలీటరు చొప్పున, తొడ బయటివైపు కండలోకి వైద్య సిబ్బంది ఇవ్వాలి. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ ఇవ్వవచ్చు.

అడ్రినలిన్ గుండెకు ప్రమాదమని కొందరు వైద్య సిబ్బందే వెనకాడతారు. నరంలోకి ఒక్కసారిగా ఎక్కిస్తే ఆ భయం న్యాయమే. తగిన మోతాదులో తొడ కండలోకి ఇచ్చినప్పుడు చాలామందిలో గుండె దడ, వణుకు కాసేపుండి పోతాయి. అసలు ప్రమాదం ఆలస్యంలో ఉంది. ఇది ఖరీదైన మందు కాదు, దేశ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. పాశ్చాత్య దేశాల్లో రోగి జేబులో పెట్టుకుని తనంతట తానే పొడుచుకునే ఆటో ఇంజెక్టర్ మన మందుల దుకాణాల్లో సులభంగా దొరకదు కాబట్టి ఇక్కడ బాధ్యత మరింతగా ఆరోగ్య వ్యవస్థ మీద పడుతుంది. గ్రామ ఆరోగ్య క్లినిక్‌లో ఆంప్యూలూ సిరంజీ ఉండటం, దాన్ని ఎప్పుడు వాడాలో అక్కడి సిబ్బందికి అలవాటు కావడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. తేనెటీగ కుట్టినా, ఇంజెక్షన్ వికటించినా ఇదే మందు కాబట్టి, అరుదైన జబ్బు కోసం ఇంత ఏర్పాటా అన్న ప్రశ్నకు తావు లేదు. 108 వచ్చేలోగా రోగిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తు మీద ఉంచాలి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి, ఒక్కసారిగా నిలబెట్టి నడిపించకూడదు. తేరుకున్న కొన్ని గంటలకు ప్రతిచర్య తిరగబెట్టవచ్చు కనుక వెంటనే ఇంటికి తీసుకెళ్లకూడదు.

చేప అలర్జీతో పాటు ఉబ్బసం కూడా ఉన్నవారిలో ఈ ప్రాణాపాయం ముప్పు ఎక్కువ. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదం కోసం దూరాల నుంచి వెళ్లేవారిలో చాలామంది ఉబ్బసం రోగులే. వారి నమ్మకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ చేప తిని ఎప్పుడైనా దద్దుర్లో ఆయాసమో వచ్చినవారు, వారి పిల్లల విషయంలో తల్లిదండ్రులు, కొర్రమీను పిల్లను మింగించే సాహసం చేయకూడదు. శాకాహారులకు అక్కడ బెల్లంలో పెట్టి ఇచ్చే పద్ధతీ ఉంది.

హోటళ్ల సంగతికి వస్తే, ప్యాకెట్ ఆహారం మీద చేప, రొయ్య జాతి వంటి అలర్జీ కారకాలను తెలపాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనలు చెబుతున్నాయి. మెనూలో తెలపాలన్న నియమం కేంద్ర లైసెన్సు ఉన్నవాటికి, 10 లేదా అంతకు మించి చోట్ల శాఖలున్నవాటికే. రహదారి పక్క మెస్సు దాని కిందకు రాదు. మాకు ఇవన్నీ సాధ్యం కావని చిన్న హోటల్ యజమాని అనడంలో అర్థముంది, అతని మీద కాగితాల భారం మోపాలని నేనూ కోరను. చేప వేయించిన నూనెలో వంకాయ బజ్జీ వేయకపోవడం, పులుసు గరిటెను సాంబారులో ముంచకపోవడం, అడిగినవారికి నిజం చెప్పడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. పెళ్లి భోజనాల్లో వడ్డించేవారికీ ఇదే వర్తిస్తుంది. బాగా సున్నితత్వం ఉన్నవారికి చేప వేగుతున్న పొయ్యి దగ్గర ఆవిరి పీల్చినా ఊపిరాడకపోవచ్చు. చేపల శుద్ధి కర్మాగారాల్లో పనిచేసేవారికి ఉబ్బసం రావడం వైద్యులు గుర్తించిన వృత్తి వ్యాధి.

ఈ మాటలు జనాన్ని చేపలకు దూరం చేసి మత్స్యకారుల పొట్ట కొడతాయన్న భయం చివరి అభ్యంతరం. నాకు తోచినంతవరకు జరిగేది దీనికి విరుద్ధం. సరిగ్గా తేల్చినప్పుడు నిజంగా మానవలసినవారు కొద్దిమందే మిగులుతారు, ఉట్టి భయంతో మానేసినవారు తిరిగి తింటారు. పడవ దిగిన చేప వెంటనే ఐసులోకి వెళ్తే హిస్టమిన్ బాధ తగ్గుతుంది, చేపకు ధర కూడా నిలుస్తుంది. ఆరోగ్యశాఖ తీర ప్రాంత మండలాల్లోని ప్రతి గ్రామ క్లినిక్‌లోనూ అడ్రినలిన్ నిల్వను తప్పనిసరి చేయాలి, దాన్ని వాడటంలో సిబ్బందికి ఏటా శిక్షణ ఇవ్వాలి. మీ ఇంట్లో ఎవరికైనా చేప తిన్న రెండు గంటల్లో దద్దుర్లతో పాటు ఆయాసమో గొంతు బిగుతో వచ్చి ఉంటే, అది తగ్గిపోయినా సరే, ఈ వారంలోనే వైద్యుడికి చూపించండి. అప్పటిదాకా వారి పళ్లెంలో పులుసు కూడా పోయకండి.