మెట్ట గ్రామాల నేల, నీరు, ఉమ్మడి భూముల ప్రణాళికపై వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

పెన్నా, చిత్రావతి నదుల నడుమ మెట్ట గ్రామాల రైతులు, జీవాల కాపరులు, వ్యవసాయ కూలీలు, మహిళా పొదుపు సంఘాల సభ్యులు సమర్పించుకొంటున్న వినతిపత్రం.

విషయం: గ్రామాభివృద్ధి ప్రణాళికలను నీటి లెక్క ఆధారంగా గ్రామసభల్లో తయారు చేయించడం, ఉమ్మడి భూముల రక్షణ, పూర్తయిన వాటర్‌షెడ్ పనుల నిర్వహణ గురించి.

ఆర్యా,

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎకరా నేల మీద లెక్కగడితే ఇది దాదాపు 22 లక్షల లీటర్ల నీరు. ఎకరా వరికి ఇందుకు రెట్టింపుకు పైగా కావాలి. కొర్ర, సజ్జ, కంది మాత్రం ఇందులో కొంత భాగం అదనుకు అందినా చేతికొస్తాయి. అయితే ఈ వాన నెలనెలా పంచినట్టు పడదు. ముంగారులో నాలుగైదు గట్టి వానలు, హింగారులో ఒకటి రెండు, ఏడాది నీరు చాలావరకు వీటిలోనే వచ్చేస్తుంది. అడుగున ఉన్నది గ్రానైట్, నైస్ రాయి. నీరు నిలవాలంటే పైనున్న మొరం పొరలోనో, రాతి పగుళ్లలోనో నిలవాలి. కనుక మా ప్రాంతంలో అభివృద్ధి ప్రణాళిక అంటే మొట్టమొదట ఆ కొద్ది గట్టి వానల నీటిని ఎక్కడ ఆపాలి, ఎవరికి ఎంత చేరాలి అన్న నిర్ణయమే. తక్కిన పనులన్నీ దీని వెనుక వచ్చేవి.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. మన తెలుగువారే అయిన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు గారి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక ఆధారంగా, 1995 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వాటర్‌షెడ్ మార్గదర్శకాలు అమలులోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్లను ఒక యూనిట్‌గా తీసుకోవాలని, ప్రణాళికను గ్రామస్థులే వేసుకోవాలని ఆనాడే రాశారు. 2003లో హరియాలి మార్గదర్శకాలు ఈ బాధ్యతను పంచాయతీలకు అప్పగించాయి. 2008లో ఉమ్మడి మార్గదర్శకాలు వచ్చాయి. హెక్టారుకు 4,000 రూపాయలతో మొదలైన కేటాయింపు 2008లో మైదాన ప్రాంతాలకు 12,000 అయింది. 2021 తరువాత ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన రెండో విడతలో అది 22,000, కష్టతర ప్రాంతాలకు 28,000. అంటే 500 హెక్టార్ల మైదానానికి కోటీ పది లక్షలు. డబ్బు చాలడం లేదని చెప్పడానికి మేము రాలేదు. ఆ డబ్బుతో ఏ పని ఎక్కడ చేయాలో నిర్ణయించే ఘట్టంలో ఊరు లేకపోవడమే మా ఫిర్యాదు.

సవివర ప్రాజెక్టు నివేదిక, అందరూ డీపీఆర్ అనే దానికి, మొత్తంలో 1 శాతం కేటాయిస్తారు. పై లెక్కన ఒక లక్షా పది వేలు. ఆ సొమ్ముతో వంకలు నడిచి, బావులు కొలిచి, నేల లోతు గుంత తీసి చూసి, గ్రామసభలు జరిపి నివేదిక రాయాలి. ఆచరణలో మాత్రం ఒక ఊరి నివేదికలో పేరు, సర్వే నంబర్లు మార్చి పక్క ఊరికి వాడిన సందర్భాలు మేము చూశాము. అలా చేసినవారి పేర్లు ఇక్కడ రాయడం మా ఉద్దేశం కాదు. అలా చేయడానికి వీలున్న పద్ధతి మారాలన్నదే మా కోరిక.

ఒక ఉదాహరణ మనవి చేస్తాము. మాలో ఒక గ్రామపు చెరువులోకి నీరు తెచ్చే వంక మీద, చెరువుకు పైన, వేర్వేరు సంవత్సరాల్లో మూడు చెక్‌డ్యాంలు కట్టారు. కట్టడం గట్టిదే. పనులు నమోదు చేసే ఎం-బుక్‌లో కొలతలూ సరిగానే ఉన్నాయి. ఆ మూడూ నిండితే గాని చెరువుకు చుక్క రాదు. పడుతున్న వానలకు మూడోది నిండడమే గగనమైపోయింది. చెక్‌డ్యాంల పక్కన పొలాలున్న రైతుల బోర్లలో నీళ్లు పెరిగిన మాట నిజం, వారిని మేము తప్పుపట్టడం లేదు. కానీ చెరువు కింది ఆయకట్టు బీడుపడింది, మరవ మీద కంప మొలిచింది, తూము రాళ్లు ఊడిపోయాయి. ఇది చాలదన్నట్టు నాలుగో పనిగా అదే చెరువులో పూడిక తీయించారు. విడివిడిగా చూస్తే నాలుగు పనులూ ఆమోదయోగ్యమే. నాలుగింటినీ కలిపి లెక్క వేసినవారు మాత్రం ఒక్కరూ లేరు.

ఉమ్మడి భూముల సంగతి ఇంతకన్నా బరువైనది. మా గుట్టలు రెవెన్యూ రికార్డుల్లో బంజరు, గయాళు, పోరంబోకు. వాడుకలో అవి మేత బీళ్లు, కట్టెపుల్లల చోటు, ఊటల పుట్టిల్లు. 1990లో ఏర్పడిన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో రొద్దం, రామగిరి, చెన్నేకొత్తపల్లి మండలాల గ్రామాలు కల్పవల్లి అనే పేరుతో వేల ఎకరాల బోడిగుట్టలను కాపాడుకున్నాయి. నిప్పు పడకుండా కావలి కాశారు, నరుకుడు మానుకున్నారు. గడ్డి, ఈతచెట్లు, అడవి తిరిగి వచ్చాయి. తరువాత అక్కడ గాలిమరల కోసం గుట్టల మీద రోడ్లు తవ్వినప్పుడు, ఆ నేల కాగితంలో ఇంకా బంజరుగానే ఉండడం వల్ల కాపాడినవారి మాటకు చట్టంలో చోటు దొరకలేదు. గాలి కరెంటుకు, సోలార్‌కు మేము విరోధులం కాము. గుట్టను తొలిచే ముందు కింది చెరువును, మేసే జీవాన్ని లెక్కలోకి తీసుకోవాలని మాత్రమే అంటున్నాము.

ఇందుకోసం కొత్త చట్టం ఏదీ అడగడం లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులో ఉంది. దానితో వచ్చిన పదకొండో షెడ్యూలులో భూసార సంరక్షణ, చిన్ననీటి వనరులు, వాటర్‌షెడ్ అభివృద్ధి, సామాజిక వనాలు పంచాయతీల అంశాలుగా ఉన్నాయి. రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల చట్టం 2002 నుంచి ఉంది. ఆ చట్టం కింద జిల్లా ప్రాధికార సంస్థకు అధ్యక్షులు తమరే. గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించడానికి పథకాలు రూపొందించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఇవన్నీ మాకు ఇదివరకే రావలసినవి. వాటి అమలు కోరుతూ ఈ కింది డిమాండ్లను తమరి ముందుంచుతున్నాము.

మొదటిది, అన్నింటికీ మూలమైనది: ముందు నీటి లెక్క, ఆ తరువాతే పనుల జాబితా. ప్రతి గ్రామంలో ఒక వానమాపకం, నీటిమట్టం కొలిచే పరికరం, పరిశీలన కోసం ఎంపిక చేసిన కొన్ని బోర్లు ఉండాలి. కొలతలు తీయడానికి ఊరిలోనే ఒక యువకుడికి, ఒక యువతికి భూగర్భ జల శాఖ శిక్షణ ఇవ్వాలి. ముంగారు ముగిసి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు కూర్చునే వేళకు, ఎంత వాన పడింది, ఎంత ఇంకింది, తాగునీటికి, పశువులకు పోను పైర్లకు మిగిలేది ఎంత అన్న లెక్క పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి. ఇది కలలో మాట కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకొనే ప్రాజెక్టు నడిచింది. అనంతపురం అందులో ఒకటి. చదువు పెద్దగా లేని రైతులు కూడా పదిహేను రోజులకొకసారి బోర్లలో మట్టం కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చొని పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. వరి మానమని వారికి ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. లెక్క కళ్లెదుట ఉంటే చాలామంది తామే ఆరుతడి పైర్లకు మళ్లారు. ప్రాజెక్టు ముగిశాక చాలాచోట్ల ఆ కొలతలు ఆగిపోయాయి. ప్రాజెక్టుతో పుట్టి ప్రాజెక్టుతో పోయే పనిగా కాక, పంచాయతీ నిత్యకృత్యంగా దీన్ని నిలబెట్టాలి. ఖర్చు విషయానికొస్తే, ఒక చెక్‌డ్యాం సొమ్ముతో ఎన్ని ఊళ్లకు పరికరాలు, శిక్షణ సమకూరుతాయో తమరి ఇంజనీర్లనే అడగవచ్చు.

రెండవది: డీపీఆర్‌ను ఆమోదానికి పంపే ముందు తెలుగులో, పటంతో సహా, కనీసం పదిహేను రోజులు పంచాయతీలో ఉంచి, గ్రామసభలో చదివి వినిపించాలి. ప్రతి కట్టడం పక్కన, దాని కింద ఉన్న చెరువుకు, కుంటకు వచ్చే నీరు ఎంత తగ్గుతుందో రాయాలి. ఒకే వంక మీద ఉన్న ఎగువ, దిగువ గ్రామాలకు ఉమ్మడి సభ జరపాలి. ఊళ్ల మధ్య తగవులు వస్తాయని కొందరు అధికారులు సందేహిస్తారు. తగవు ఇప్పుడూ ఉంది, పని పూర్తయ్యాక బయటపడుతోంది. ముందే సభలో తేలితే అందరికీ ఖర్చు తగ్గుతుంది.

మూడవది: పనులు గుట్ట నుంచి పల్లానికి రావాలి. పైన కందకాలు, రాతికట్టలు, మొక్కలు పూర్తికానిదే కింద సిమెంటు పని మొదలుపెట్టరాదు. లేకుంటే పైన మట్టి కదులుతున్నంత కాలం కింద పూడిక తీస్తూనే ఉండవలసి వస్తుంది.

నాలుగవది: ఉమ్మడి భూములన్నిటికీ హద్దులు వేసి, సర్వే నంబర్ల వారీగా జాబితా ప్రకటించి, రిజిస్ట్రేషన్ నిషేధిత 22-ఏ జాబితాలో చేర్చాలి. వాటిని ఏ అవసరానికి మళ్లించినా గ్రామసభ తీర్మానం ముందుగా ఉండాలి. కాపరుల విషయం ఇక్కడ ప్రత్యేకంగా మనవి చేయాలి. మొక్కలు నాటిన ప్రతిసారీ గుట్ట మొత్తానికి ముళ్లకంచె వేసి గొర్రెలను నిషేధించడం పరిపాటి అయింది. గొర్రెల మందకు వేరే దారి లేదు గనుక అది రాత్రి పూట కంచె దాటుతుంది, కేసు అవుతుంది, మొక్కా మిగలదు. గుట్టను భాగాలుగా చేసి, ఒక్కో భాగాన్ని వంతులవారీగా మూసి, తక్కినవి మేపుకోనివ్వాలి. ఏ భాగం ఎప్పుడు మూయాలో కాపరులతో కూర్చొని నిర్ణయించాలి. ఏ వాలులో గడ్డి ఎప్పుడు మొలుస్తుందో వారికి తెలిసినంతగా ఏ పటంలోనూ ఉండదు.

ఐదవది: వాటర్‌షెడ్ అభివృద్ధి నిధి లెక్కలు బయట పెట్టాలి. 2008 మార్గదర్శకాల ప్రకారం సొంత పొలాల్లో పనులకు రైతులు కనీసం 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు రైతులు 5 శాతం వాటా చెల్లించారు. ప్రాజెక్టు ముగిశాక మరమ్మతులకు ఉపయోగపడవలసిన సొమ్ము అది. ఏ ఖాతాలో ఎంత ఉందో, ఎవరి సంతకంతో తీయవచ్చో మూడు నెలల్లోగా ప్రతి గ్రామసభలో చదివి వినిపించాలని, తెగిన కట్టలకు, ఊడిన తూములకు వెంటనే ఖర్చు చేయనివ్వాలని కోరుతున్నాము. ఇది మా డబ్బు.

ఆరవది: 2002 చట్టం ప్రకారం బోర్లను, రిగ్గులను నమోదు చేయాలి. ప్రభుత్వ తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయరాదన్న నిబంధన పెద్ద తోటల యజమానికీ, రెండెకరాల రైతుకూ ఒకే రీతిన వర్తించాలి. ఇప్పుడది రెండెకరాల రైతుకే గుర్తు చేస్తున్నారు. బోర్లను పైపులైన్లతో కలుపుకొని, బోరు లేని పొరుగు పొలాలకు బెట్ట సమయంలో ఒక తడి ఇవ్వడానికి, ఆ పరిధిలో కొత్త బోరు వేయకుండా ఉండడానికి ఒప్పుకొనే రైతు సంఘాలకు పైపుల ఖర్చులో ప్రాధాన్యం ఇవ్వాలి.

ఏడవది: భూమి లేనివారి వాటా. పొలం గట్లు, ఫారంపాండ్లు భూమి ఉన్నవారికి మేలు చేస్తాయి, కూలికి మిగిలేది కూలి డబ్బే. హర్యానాలోని సుఖోమాజ్రి గ్రామంలో 1970ల చివర వాననీటి చెరువు కట్టినప్పుడు భూమిలేని కుటుంబాలకు కూడా నీటిలో వాటా ఇచ్చారు. అందువల్లే గుట్టను కాపాడడంలో ఊరంతా నిలబడింది. మా చెరువుల్లో చేపల హక్కు, కట్ట మీది చెట్ల ఫలం, గుట్ట గడ్డి, నరికిన సర్కారు తుమ్మ వేలం ఆదాయంలో నిర్ణీత భాగం భూమిలేని కుటుంబాల సంఘాలకు రాసి ఇవ్వాలి. మట్టిపనులు మాఘం నుంచి వైశాఖం లోగా ముగిసేలా ఉపాధి హామీ పనుల పట్టిక ముందే ప్రకటించాలి, యంత్రాలతో చేయించరాదు, కూలి చట్టం చెప్పిన గడువులో అందాలి.

మా వంతు బాధ్యతలను కూడా గ్రామసభల్లో తీర్మానించుకున్నాము. లెక్కలో లోటు తేలిన ఏడాది బోర్ల కింద రబీ వరి వేయము. వంతుల మేపును కాపరులు, వంతుల నీటిని ఆయకట్టుదారులు పాటిస్తారు. ప్రతి చెరువుకు నీరుగంటిని పెట్టుకొని ఆయకట్టు నుంచే మేర ఇస్తాము. మరవ, తూము, కట్ట మీది కంప ఏటా మృగశిరకు ముందు శుభ్రం చేస్తాము. ఈ తీర్మానాలు తప్పినవారికి జరిమానా వేసే అధికారం గ్రామసభకు ఉందా, ఉంటే ఏ నిబంధన కింద అన్నది తమరి కార్యాలయం రాతపూర్వకంగా తెలిపితే అమలు సులభమవుతుంది.

పై డిమాండ్లలో రెండు, ఐదు, ఆరు తమరి ఉత్తర్వుతోనే జరగగలవని మా అభిప్రాయం. మొదటిదానికి, నాలుగవదానికి శాఖల మధ్య సమన్వయం కావాలి గనుక నీటి యాజమాన్య సంస్థ, భూగర్భ జల శాఖ, పంచాయతీరాజ్, రెవెన్యూ, అటవీ, పశుసంవర్ధక శాఖల అధికారులతో, మా ప్రతినిధులతో ఒక ఉమ్మడి సమావేశం ఏర్పాటు చేయాలని ప్రార్థిస్తున్నాము. ఈ పత్రం అందిన ముప్పై రోజుల్లోగా ఆ సమావేశం తేదీని, ఒక్కో డిమాండుపై తమరి నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఏదైనా డిమాండు సాధ్యం కాదని భావిస్తే కారణం కూడా రాయాలని కోరుతున్నాము. ఆ కారణాన్ని గ్రామసభలో చదివి, మా సమాధానంతో తిరిగి తమరి వద్దకు వస్తాము.

ఇట్లు,
గ్రామసభల తీర్మానం మేరకు,
రైతులు, కాపరులు, వ్యవసాయ కూలీలు, మహిళా పొదుపు సంఘాల ప్రతినిధులు

జతపరచినవి: గ్రామసభ తీర్మానాల నకళ్లు, వంకలు, చెరువులు, చెక్‌డ్యాంలు గుర్తించిన చేతిపటాలు, సంతకాలు, వేలిముద్రల పత్రాలు.