బీమా వచ్చినా బకాయి ఎవరు తీర్చాలి?

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైందే బీమా కంపెనీతో. తర్వాత ట్రస్టు చేతికి వచ్చింది. ఎన్టీఆర్ వైద్యసేవలో రెండున్నర లక్షల వరకు చికిత్సను మళ్లీ బీమాకు అప్పగించాలని, పేదలకు ఆపై 25 లక్షల దాకా ట్రస్టు భరించాలని 2025 సెప్టెంబరులో మంత్రివర్గం తీర్మానించింది. అందరికీ ధీమా అంటోంది ప్రభుత్వం, పథకాన్ని నీరుగార్చడమేనంటోంది వైసీపీ. పథకం పేరు మీద తగవు సరేసరి, అది ఎన్నిసార్లు మారిందో!

మడకశిర వేరుశనగ రైతుకు ఈ వాదన పట్టదు. జబ్బు ముదిరితే హిందూపురం, అక్కడా కాకపోతే బెంగళూరు. చేర్చుకుంటారా లేదా అన్నదే అతని దిగులు. అక్టోబరులో బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపాయి కదా. క్లెయిములు పెరిగితే కంపెనీ మరుసటి ఏడు ప్రీమియం పెంచమంటుంది, అదీ ఖజానా నుంచే. ఆసుపత్రుల బాకీయే తీర్చలేని ఖజానా ఆ ప్రీమియం వేళకు ఎలా కడుతుంది? మేమడిగేది ఇదే. జవాబు ఇరుపక్షాలూ చెప్పలేదు.