పసుపు దీపం శకునం కాదు

కొత్త కారు ఇంటికి రాగానే మనవాళ్ళు చేసే మొదటి పని నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించడం. ఆ నాలుగు టైర్లలో గాలి ఎంత ఉందని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. ఇప్పటి కార్లలో చాలావాటికి స్టీరింగు వెనక గాలి తగ్గిందని చెప్పే పసుపు దీపం ఉంటుంది. గుర్రపు నాడా లాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. అది వెలిగితే "సెన్సారు తిక్కది, అలాగే వెలుగుతుంది" అని కొట్టిపారేస్తారు. పిల్లి ఎదురైతే బండి ఆపే మనిషి దీపం వెలిగితే ఆపడు. కారణం చెప్పలేని సూచనకు గౌరవం, కారణం చెప్పగల సూచనకు నిర్లక్ష్యం! ఇదెక్కడి లెక్క?

ఇది చిన్న విషయం కాదు. 2010 అక్టోబరులో పుణె నుంచి ముంబయి వెళుతున్న ఒక కారు వెనక టైరు పేలి, లోతైన గుంటలో పడి, 38 ఏళ్ళ మనిషి చనిపోయాడు. సుమారు కోటీ పాతిక లక్షల నష్టపరిహారం ఇవ్వమంటే, టైరు పేలడం దైవఘటన కాబట్టి ఇవ్వక్కరలేదని బీమా కంపెనీ అప్పీలుకు వెళ్ళింది. 2023లో బొంబాయి హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. టైరు పేలడానికి అతివేగం, గాలి తక్కువ కావడం, ఎక్కువ కావడం, వాడేసిన టైర్లు, వేడి కారణాలని, బయలుదేరే ముందు టైర్లు చూసుకోవలసిన బాధ్యత మనిషిదేనని చెప్పింది. దేవుడి ఖాతాలో రాయబోయిన పద్దును మనిషి ఖాతాలోకి మార్చిన తీర్పు అది.

గాలి తగ్గిన టైరు తిరిగిన ప్రతిసారీ దాని పక్కగోడలు మామూలు కంటే ఎక్కువ నలుగుతాయి. నలిగినకొద్దీ వేడి పుడుతుంది, వేడికి లోపలి అల్లిక బలహీనపడుతుంది. ఇందులో గ్రహాల ప్రమేయం లేదు. ఫైర్‌స్టోన్ టైర్లు విఫలమై 200 మందికి పైగా చనిపోయిన వ్యవహారం బయటపడ్డాక అమెరికా 2000లో చట్టం చేసింది. దాని ప్రకారం 2007 సెప్టెంబరు నుంచి తయారైన కార్లన్నిటికీ అక్కడ ఈ దీపం తప్పనిసరి.

దీపానికి సంగతి తెలిసే దారులు రెండు. కొన్ని కార్లలో ప్రతి చక్రంలోనూ బ్యాటరీతో నడిచే సెన్సారు ఉండి, లోపలి ఒత్తిడిని రేడియో ద్వారా చెబుతుంది. మరికొన్నిటిలో బ్రేకుల కోసం పెట్టిన ఏబీఎస్ సెన్సార్లే ఆ పని చేస్తాయి. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదవుతుంది కాబట్టి మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది. ఆ తేడాను పట్టుకుంటాయి. ఈ రెండో రకంలో గాలి కొట్టించాక రీసెట్ చెయ్యాలి. కొందరు గాలి కొట్టించకుండానే రీసెట్ నొక్కి దీపం ఆర్పేస్తారు. రక్షణ శాఖ లెక్కల విభాగంలో ఉద్యోగమంతా బిల్లులు తనిఖీ చేసినవాడిగా చెబుతున్నాను, తప్పుడు నిల్వను కొత్త సంవత్సరపు ప్రారంభ నిల్వగా రాసుకోవడమంటే ఇదే. ఆడిట్ అభ్యంతరం పోయినట్టు కనిపిస్తుంది, డబ్బు మాత్రం రాదు.

దీపాన్ని పూజించమనీ నేననడం లేదు. అమెరికా నిబంధన ప్రకారం ఒత్తిడి 25 శాతం తగ్గితే దీపం వెలగాలి. అంటే 33 పీఎస్ఐ ఉండవలసిన టైరు 27కి పడిపోయినా దీపం వెలగకపోవచ్చు. దీపం వెలగలేదంటే అంతా సవ్యంగా ఉందని అర్థం కాదు. అభ్యంతరం రానంత మాత్రాన ఖాతా సరైనదని ఏ ఆడిటరూ సంతకం పెట్టడు. వోచర్ చూడాలి. ఇక్కడ వోచర్ ప్రెషర్ గేజి.

చలికాలం పొద్దున వెలిగిన దీపం పది కిలోమీటర్లు పోయాక ఆరిపోతుంది. "చూశారా, దానంతటదే సర్దుకుంది" అంటారు. సర్దుకోలేదు. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తగ్గితే ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది, నడిస్తే టైరు వేడెక్కి మళ్ళీ పెరుగుతుంది. గాలి మాత్రం తక్కువే. దానంతటదే తగ్గిన జలుబుకు తాయెత్తు పేరు పెట్టినట్టే ఇదీ. ఎండాకాలం టైరు పేలకుండా గాలి తక్కువ పెట్టించాలన్నది మరో నమ్మకం. ఇది ఏకంగా ప్రమాదాన్ని పిలవడమే. నైట్రోజన్ మహిమలు చెప్పేవాళ్ళకు ఒక్క మాట: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

2023 జూలై 1న మహారాష్ట్ర సమృద్ధి మహామార్గంపై బస్సు తగలబడి 25 మంది చనిపోయారు. టైరు పేలిందని డ్రైవరు చెప్పాడు. రవాణా అధికారుల పరిశీలనలో అందుకు ఆధారం దొరకలేదు. కొద్దిరోజులకు ఆ చోటే ప్రమాదాలు ఆగాలని మహామృత్యుంజయ యంత్రం పెట్టి జపం చేయించారు. ఆ రాష్ట్రపు 2013 నాటి మూఢనమ్మకాల వ్యతిరేక చట్టం కింద కేసు నమోదైంది. గమనించండి, పరీక్షించకుండా "టైరు పేలింది" అనడమూ, "రోడ్డుకు దోషం" అనడమూ చేసే పని ఒక్కటే. రెండూ విచారణకు తలుపు మూసేస్తాయి.

అందుకని మిత్రులకు నా విజ్ఞప్తి. డ్రైవరు తలుపు తీస్తే లోపలి అంచున స్టిక్కరు మీద ఒత్తిడి ఎంత ఉండాలో రాసి ఉంటుంది. నెలకోసారి, దూరప్రయాణానికి ముందు తప్పకుండా, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజి పెట్టి చూడండి. స్టెపినీని మరవకండి. దీపం వెలిగితే వేగం తగ్గించి, వీలైనచోట ఆపి, నాలుగు టైర్లూ చూడండి. వెలిగే ముందు నిమిషానికి పైగా మిణుకుమిణుకుమంటే సాధారణంగా ఆ ఏర్పాటులోనే లోపం ఉన్నట్టు, మెకానిక్‌కు చూపించండి. బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టే ఇంట్లోవాళ్ళతో వాదన పెట్టుకోనక్కరలేదు. గేజి చేతికిచ్చి చదవమనండి. ఆ ముల్లు ఆస్తికుడికీ నాస్తికుడికీ ఒకే అంకె చూపిస్తుంది.