మాత్రలు మానేసే హక్కు మీకెవరిచ్చారండీ?

మా బావగారికి మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. మూడు నెలల్లో కోలుకుని మళ్ళీ స్కూటర్ ఎక్కారు. "బాగానే ఉన్నాగా, ఇంకా ఈ మాత్రలెందుకు?" అని బి.పి. మాత్రలూ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చినవీ అన్నీ అటకెక్కించారు. ఏడాది తిరక్కుండానే రెండోసారి వచ్చింది. ఇప్పుడు మంచం మీదున్నారు. అన్నం తినిపించేదీ, పక్క మార్చేదీ మా తోటికోడలు అక్కే.

చూడ్డానికొచ్చిన చుట్టాలు రెండే మాటలన్నారు. ఒకటి, "తలరాత." రెండోది, "ఆవిడ వంటలో ఉప్పూ నూనే ఎక్కువ." నాకు ఒళ్ళు మండింది.

తలరాతా? 32 దేశాల్లో జరిపి 2016లో ప్రకటించిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనంలో, పక్షవాతాల్లో దాదాపు 90 శాతానికి మనం మార్చుకోగలిగిన పది కారణాలే ఉన్నాయని తేలింది. అందులో మొదటిది బి.పి. పొగ, షుగర్, కదలకుండా కూర్చోవడం కూడా ఉన్నాయి. మన పట్నం బతుకులో లేనిదేది? పొద్దస్తమానం కుర్చీ, రాత్రి డ్యూటీలు, కర్రీ పాయింట్ కూరలు! అమెరికా లెక్కల్లో పక్షవాతాల్లో సుమారు నాలుగో వంతు, ఇదివరకే ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చినవే. ఒకసారి తప్పించుకున్నామంటే గండం గడిచినట్టు కాదన్నమాట.

ఇక వంట సంగతి. నిజమే, రోజుకి ఐదు గ్రాముల లోపు, అంటే చెంచాడు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఊరగాయలు తగ్గించాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ సిగరెట్ కాల్చింది అక్క కాదు. మాత్ర మింగడం వంటింటి పనీ కాదు. ఆయన చేతకానితనాన్ని ఆవిడ గరిటెకి అంటగట్టకండి.

ఇంకో మాట, ఇది మనకే. ఇంట్లో అందరి మాత్రలూ డబ్బాలో సర్దే మనం, మన బి.పి. చివరిసారి ఎప్పుడు చూపించుకున్నాం? అక్కకి మొన్న చూపిస్తే 160 ఉంది. ఆవిడ పడిపోతే ఆ ఇంట్లో ఎవరు ఎవరికి తినిపిస్తారు?

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందులకీ, పావురం రక్తానికీ పరుగెత్తకండి. గడియారం చూసి టైము గుర్తుపెట్టుకోండి, 108కి ఫోన్ చెయ్యండి. గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీశాకే.

ఈ రాత్రి మీవారు మాత్ర వేసుకున్నారో లేదో అడగండి. అడిగాక, రేపు మీరూ వెళ్ళి బి.పి. చూపించుకోండి.