బడికి పోయిండు, పాఠానికి పోలే



పోయిన వారం స్కాలర్‌షిప్ ఫారం కోసం ఒక పిల్లవాడు మన కార్యాలయానికి వచ్చాడు. తొమ్మిదో తరగతి. రోజూ బడికి పోతాడు. "నువ్వే నింపు బేటా" అని ఫారం చేతికిచ్చాను. పది నిమిషాలు అటూ ఇటూ తిప్పి, "పెన్ను నడుస్తలేదు కాకా" అన్నాడు. పెన్ను బాగానే ఉంది. ఆ మరాఠీ వాక్యాలు చదవడమే వాడికి రావడం లేదు.

నాకు కోపం రాలేదు. నేనూ అలాంటివాణ్ణే. ఇంట్లో తెలుగు, నాందేడ్ బడిలో మరాఠీ. నాలుగో తరగతిలో గురుజీ ప్రశ్న అడిగే వేళకు సరిగ్గా నాకు దాహమయ్యేది, లేదా పెన్సిల్ కింద పడేది. పక్కవాడి నోట్‌బుక్ చూసి అంతా దించేవాణ్ణి. "హజర్ గురుజీ" అని అందరికన్నా గట్టిగా అరిచేది మాత్రం నేనే. సాయంత్రం మిల్లు నుంచి వచ్చి నాన్న "బడికి పోయినవా?" అనేవాడు. "పోయిన." అంతే. ఏం చెప్పిన్రని ఆయన ఎన్నడూ అడగలేదు. అడిగేంత మరాఠీ ఆయనకూ రాదు.

బడి ఎగ్గొట్టేవాడు దొరికిపోతాడు. బడిలో కూర్చుని పాఠం ఎగ్గొట్టేవాడు దొరకడు. పటం మీద వాడు రోజూ హాజరే.

ఇది మన గల్లీ ముచ్చట ఒక్కటే కాదు. 2022లో దేశంలోని గ్రామాల్లో చేసిన 'అసర్' సర్వే చూడండి. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో 98.4 శాతం మందికి బడిలో పేరుంది. ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 42.8 శాతమే. అంటే సగానికి పైగా పిల్లలు బెంచీ మీద ఉన్నారు, పాఠంలో లేరు.

"ఫెయిల్ చేయకపోవడం వల్లే ఇదంతా" అంటారు మన పెద్దలు కొందరు. విద్యాహక్కు చట్టం 2010లో అమలైనప్పుడు ఎనిమిది దాకా ఫెయిల్ లేదు. 2019 సవరణతో 5, 8 తరగతుల్లో ఆపే వీలు రాష్ట్రాలకు వచ్చింది. మన రాష్ట్రం 2023లో ఆ దారి పట్టింది. పరీక్ష ఉండాల్సిందే, కాదనను. కానీ పిల్లవాడు రెండో తరగతిలో ఆగిపోతే ఐదో తరగతి చివర తెలిసి ఏం లాభం? భయపెడితే చదువు రాదు, దాక్కోవడం ఇంకా బాగా వస్తుంది. ముందు బెంచీల జవాబులతోనే పాఠం ముగించే సార్లు కూడా ఈ దాగుడుమూతల్లో భాగస్వాములే.

మనం చేయగలిగినవి మూడు.

ఒకటి, ఇంట్లో "బడికి పోయినవా?" మానేసి "ఇయ్యాల ఏం సమజ్ కాలే?" అని అడగండి. జవాబు వచ్చినప్పుడు తిట్టకండి.

రెండు, ఆదివారం ఒక గంట మన హాలు తెరుద్దాం. కాలేజీ పిల్లలు చిన్నవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని మరాఠీ పాఠం చదివించి, తెలుగులో అర్థం చెప్పాలి.

మూడు, గుణగౌరవ సభలో 90 శాతం వచ్చినవాళ్ళకు శాలువా కప్పుతాం, సంతోషం. నిరుడు చదవడం రాక ఈ ఏడు చదువుతున్న ఒక పిల్లవాణ్ణి కూడా ఆ వేదిక ఎక్కిద్దాం.

ఆ పిల్లవాడు నా పక్కన కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఫారం నింపాడు. గంట పట్టింది. ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. వాడు వచ్చేసరికి హాలుకు తాళం ఉండొద్దు. ఎవరెవరు వస్తారో పేర్లు చెప్పండి.